మా బాధ చెప్పుకోవడానికి నెలకు రెండు పూటలు ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను పన్నెండేళ్ళుగా ఒక హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో, అదే మేమంతా ఐసీటీసీ అంటామే అందులో, కౌన్సిలర్‌గా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఇల్లు నరసాపురంలో, ఉద్యోగం గోదావరి దాటి కోనసీమలో. రోజూ పొద్దున్నే రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి అక్కడి నుంచి ఆటోలో పోతాను. సాయంత్రం తిరుగు పంటులో ఓ పక్కన నిలబడి నీళ్ళు చూస్తానే, ఆ కాసేపే నాది. రేవు దిగానంటే మళ్ళీ ఇల్లు, వంట, పిల్లల చదువులు.

పరీక్షకు ముందు మనిషితో మాట్లాడతాం, రిపోర్టు వచ్చాక మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడతాం. పాజిటివ్ అని చెప్పగానే ఏడ్చేవాళ్ళు తక్కువండీ. ఎక్కువ మంది మాట వినపడనట్టే ఉండిపోతారు. ఒకళ్ళు "ఇక్కడ నుంచి మా ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికమ్మా" అని అడిగారు, అంతే. ఇంకొకళ్ళు చంకలో బిడ్డని పెట్టుకుని, వీడికి పాలు ఇవ్వొచ్చా మానెయ్యాలా అని అడిగారు. మందులు క్రమం తప్పకుండా వాడితే నిండుగా బతకొచ్చని చెబుతాం, అది నిజం, కళ్ళారా చూస్తున్నాం కూడా. కానీ ఆ మాట వాళ్ళ చెవికెక్కే లోపు వాళ్ళ భయమంతా ఆ చిన్న గదిలో నా ఎదురుగా కూర్చుంటుంది. అలా రోజుకి ఎందరో.

ఇది ఎవరితో చెప్పుకోవాలి? ఇంట్లో చెప్పకూడదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది, ఒకరి సంగతి వాళ్ళ ఒప్పుదల లేకుండా ఇంకొకరికి చెప్పడాన్ని అది ఒప్పుకోదు. ఆ చట్టం ఉండాల్సిందే, అది లేకపోతే మా గడప ఎవరూ తొక్కరు. అసలు చట్టం లేకపోయినా చెప్పలేం, మా వైపు ఏ ఊరు చూసినా చుట్టరికాలే, పేరు చెప్పక్కర్లేదు, ఏ లంక అన్నది చెబితే చాలు మనిషెవరో తెలిసిపోతుంది. చేపల మార్కెట్లో ఎదురుపడితే వాళ్ళు పలకరించే దాకా నేను పలకరించను. ఒక పెళ్ళిలో నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు ఒకళ్ళు, ఇద్దరం ఎన్నడూ చూసుకోనట్టే భోజనం చేసి లేచాం. మా ఆయన "ఏంటలా ఉన్నావు" అంటే తలనొప్పి అంటాను. పన్నెండేళ్ళుగా నాకు తలనొప్పే.

రెండేళ్ళ కిందట, నేను నెలల తరబడి మాట్లాడి మందులకు ఒప్పించిన మనిషి మధ్యలో మానేసి చనిపోయారు. ఆడో మగో కూడా ఇక్కడ రాయను. కబురు తెలిసిన పది నిమిషాలకే తర్వాతి టోకెన్ పిలవాల్సి వచ్చింది. ఆ వారం నిద్ర లేక, ఓ పైఅధికారి దగ్గరకు వెళ్ళి కష్టంగా ఉందండీ అన్నాను. "నీకే టెన్షన్ అయితే వాళ్ళకేం ధైర్యం చెబుతావమ్మా, నాలుగు రోజులు సెలవు పెట్టి యోగా చెయ్యి" అన్నారు. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. కానీ ఆ తర్వాత నేను ఎవరినీ అడగలేదు.

ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ నంబరది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అవతలి అమ్మాయి ఓపిగ్గా విన్నది, గుండె కొంచెం తేలికపడింది, ఎవరికైనా చేయమనే చెబుతాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు ఆ అమ్మాయి గురించే ఆలోచన. రాత్రంతా ఇలాంటివి విని తెల్లారి హాస్టల్‌కో ఇంటికో పోయి ఎవరితో చెప్పుకుంటుందో.

నాకు ఒక స్నేహితురాలుంది, ట్రైనింగ్‌లో పరిచయం, పాలకొల్లు వైపు ఇదే పని చేసేది. ఆదివారం ఫోన్ చేసుకునేవాళ్ళం. పేరు, ఊరు, వయసు ఏదీ చెప్పకూడదు, "ఈ వారం నాకు ఇలా అనిపించింది" అని మాత్రమే చెప్పుకోవాలి అని మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నన్ను ఇన్నాళ్ళు నిలబెట్టింది ఆ ఫోనే. పోయినేడాది ఆమె ఉద్యోగం మానేసి బట్టల షాపులో చేరింది. జీతం తక్కువే, కానీ నిద్ర పడుతోందట.

ఇదేమీ మా గుండె నిబ్బరం చాలక వచ్చిన జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే బర్నౌట్‌ని, అంటే పని వల్ల మనసు పూర్తిగా అలిసిపోవడాన్ని, పనిచేసే చోట ఒత్తిడిని సరిచేయనందువల్ల వచ్చేదిగా రాసింది. పనిలో పుట్టిన దానికి మందు పనిలోనే ఉండాలి కదా, ఇంట్లో చేసుకునే యోగాలో కాదు. 1950ల్లో లండన్‌లో మైకేల్ బాలింట్ అనే డాక్టరు కుటుంబ డాక్టర్లని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరు తమ పేషెంటు గురించి చెబుతుంటే మిగతావాళ్ళు వినే పద్ధతి పెట్టారు. రోగానికి ఏం మందు రాశావని కాదు, ఆ మనిషి నీ మనసులో ఏం కదిలించాడని. చాలా దేశాల్లో కౌన్సిలర్లకు ఇలా ఈ పనిలో అనుభవమున్నవాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుకోవడం ఉద్యోగంలో భాగమే. మాకు ట్రైనింగుల్లో నేర్పేదంతా ఎదుటి మనిషిది ఎలా వినాలన్నదే.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉంది, కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. నెలకు రెండు పూటలు, డ్యూటీ టైములోనే, ఏడెనిమిది మందిమి కూర్చునేలా ఒక గది, వినడానికి ఒక అనుభవమున్న మనిషి. ఆ మనిషి మాత్రం మా కాంట్రాక్టు రెన్యువల్ మీద సంతకం పెట్టేవాళ్ళు కాకూడదు, అలాగైతే ఒక్కరూ నోరు విప్పం. ఆశాలనీ పిలవండి. 2022 జులై వరదలో తమ ఇళ్ళే మునిగిన ఆశాలు లంకల్లో ఇంటింటికీ తిరిగి జనానికి ధైర్యం చెప్పారు, వాళ్ళని కూర్చోబెట్టి నీ సంగతేంటమ్మా అని అడిగినవాళ్ళు నాకు తెలిసి లేరు.

నా పేరు వెయ్యొద్దు. నా కోసం కాదు, నా పేరు తెలిస్తే నా గదికి వచ్చేవాళ్ళు ఎవరా అని లెక్కలు వేస్తారు.

ఇట్లు,
ఒక కౌన్సిలర్, నరసాపురం