నాన్నకు గడ్డం గీసిన ఆయనకు, ఇంకా అందరికీ

నాన్న పెద్దకర్మ నిన్నటితో అయిపోయింది. చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరుతున్నారు. అమ్మకు ఇప్పుడే కాస్త కన్ను అంటుకుంది. ఫోన్లు చేసిన అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను. మాట అటూ ఇటూ పోతే ఏమీ అనుకోకండి.

అన్నయ్య, వదిన, పెద్ద మామయ్య, అత్త కొడుకులు రాత్రింబవళ్లు ఆసుపత్రిలోనే ఉన్నారు. కృతజ్ఞతలు చెబితే నన్నే తిడతారు కాబట్టి వాళ్ల సంగతి ఇంతటితో సరి.

ముందు చెప్పాల్సింది విశాఖలో నాన్నను చేర్చిన ఆసుపత్రి ఎదురు సందులో చిన్న సెలూన్ నడుపుకునే పెద్దమనిషి గురించి. పేరు రాయవద్దన్నారు, ఫొటో తీయనివ్వలేదు.

నాన్న మిలటరీ నుంచి వచ్చి ఇన్నేళ్లయినా గడ్డం గీసుకోనిదే టీ ముట్టేవారు కాదు. చీకటితోనే లేచి, పెరట్లో తీగకు వేలాడదీసిన అద్దం ముందు నిలబడేవారు. పక్షవాతం వచ్చాక మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది, తెల్లగడ్డం మాసిపోయి ముఖమే మారిపోయింది. ఎడమచేత్తో ఊరికే చెంప రుద్దుకుంటూ చిరాకు పడుతుంటే నర్సు దురద అనుకుంది. అమ్మ మాత్రం "గడ్డం" అంది.

రేజరు కొందామని కిందికి దిగి, ముక్కులో గొట్టం ఉన్న మనిషికి ఎలాంటి బ్లేడు వాడాలో కనుక్కుందామని ఆ సెలూన్‌లోకి వెళ్లాను. ఆయన విని, "నువ్వు పద తల్లీ, ఈయనది పూర్తిచేసి నేనే వస్తాను" అన్నారు. నిజంగానే వచ్చారు. టీ కొట్టు నుంచి స్టీలు గ్లాసులో వేడినీళ్లు పట్టుకొచ్చారు. గొట్టానికి అంటించిన ప్లాస్టరు కదలకుండా బొటనవేలితో చెంప లాగి పట్టుకుని, చుట్టూ వెంట్రుక వెంట్రుకా గీశారు. మీసం చివర్లు రెండూ సమంగా వచ్చాయో లేదో వంగి వంగి చూశారు. అంతా అయ్యాక నాన్న ఎడమచెయ్యి పైకి లేచింది. తన షాపులో రాగి తీగ చుట్టి వైండింగ్ చేసిన మోటారు కాయిల్‌ను వేలితో తడిమి చూసుకున్నట్టే, ఆ చెంపా ఈ చెంపా తడిమి చూసుకున్నారు. చూసుకుని కళ్లు మూసుకున్నారు. నేను బయటికి వెళ్లి గోడ పట్టుకుని ఏడ్చాను. డబ్బు ఇవ్వబోతే, "మిలటరీ ఆయన అన్నావు కదమ్మా" అని పెట్టె సర్దుకున్నారు, అంతే. ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే కొట్టు మూసే వేళకు వచ్చి గీసి వెళ్లేవారు. చివరిరోజున ఊరికి తీసుకెళ్లే బండి ఎక్కించే ముందు కూడా వచ్చారు. మీసం దువ్వి, పాదాలకు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. నాన్న ఎవరో ఆయనకేం తెలుసు!

తెలియనివారి కోసం రెండు ముక్కలు. సికింద్రాబాద్‌లో సైన్యం యంత్రాలు బాగుచేసే విభాగం, ఈఎంఈ సెంటర్‌లో శిక్షణ పొంది, జనరేటర్లు, మోటార్లు బాగుచేసే పనిలో దేశమంతా తిరిగారు నాన్న. 1999 కార్గిల్ యుద్ధం నాటికి లద్దాఖ్‌లోనే ఉన్నా యుద్ధం ముచ్చట్లు ఎన్నడూ చెప్పలేదు. చలికి డీజిల్ గడ్డకట్టే కథ మాత్రం వందసార్లు విన్నాం. తిరిగొచ్చి టెక్కలి దగ్గర మోటారు వైండింగ్ షాపు పెట్టారు. వంశధార కాలువ నీళ్లు అందక బోర్లనే నమ్ముకున్న రైతులకు, ఎండాకాలం వోల్టేజి పడిపోయి మోటారు కాలిందంటే నాన్నే దిక్కు. పాత కాయిల్ విప్పితే ఆ రాగి తూకం వేసి రైతుకే ఇచ్చేసేవారు. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది ఆ రాగి అమ్ముకుంటే ఎంత మిగులుతుందో.

ఇక సైన్యంలో చేరాలని నాన్న దగ్గరికి వచ్చిన పిల్లలు. హైస్కూలు మైదానంలో నాన్న పాతిన పైపు కడ్డీలు, తవ్వించిన తొమ్మిది అడుగుల కందకం మా వైపు అందరికీ తెలుసు. పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తాలి, పది పుల్లప్స్ తీయాలి. సైన్యం భర్తీ ర్యాలీకి వెళ్లే పిల్లలను స్టాప్‌వాచ్ పట్టుకుని తెల్లవారకముందే తరిమేవారు, పైసా తీసుకోలేదు. 2023 నుంచి రాతపరీక్షే ముందు అనేసరికి రిటైరైన లెక్కల మాస్టారిని బతిమాలి షాపు వెనుక పాఠాలు పెట్టించారు. ఆ పిల్లలే ఇప్పుడు రక్తం ఇచ్చారు, పాడె మోశారు. రాజస్థాన్ నుంచి సెలవు దొరకని ఒకడు ఫోనులో ఏడుస్తూనే ఉన్నాడు.

ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. నాన్నకు ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం కార్డు ఉంది. అత్యవసరమైతే రిఫరల్ లేకుండానే, డబ్బు అడగకుండా చేర్చుకోవాలి. మేము మొదట వెళ్లింది ఆ జాబితాలో ఉన్న ఆసుపత్రికే. అక్కడ కౌంటర్ దగ్గర ముందు డిపాజిట్ కట్టమన్నారు. ప్రభుత్వం నుంచి తమకు బకాయిలు రావాలట! రావాలంటే వెళ్లి అడుక్కోండి, స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి చేసిన అప్పా అది? మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. టెక్కలి నుంచి విశాఖ చేరడానికే చాలా భాగం పోయింది, మిగిలింది ఆ కౌంటర్ దగ్గర పోయింది. ఇప్పుడేమో నాన్న ఆర్మీ డిశ్చార్జి బుక్కులో అమ్మ పేరు ఒకలా, ఆధార్‌లో మరొకలా ఉంది కాబట్టి ఫ్యామిలీ పెన్షన్ కదలదంటున్నారు. ఆ కాగితాలు భుజాన వేసుకుని తిరుగుతున్న హవల్దార్ బాబాయికి దణ్ణాలు.

అయ్యో, రాత్రి డ్యూటీ ఆయమ్మను మరిచాను. అమ్మకు తన దుప్పటి ఇచ్చింది ఆవిడే. దారిలో టైరు పంక్చరైతే దిగి సాయం చేసిన లారీ డ్రైవరు, కుర్చీలకు డబ్బు తీసుకోని టెంటుహౌస్ వాళ్లు, కుక్కకు అన్నం పెట్టిన పక్కింటి పాప కూడా. ఇంకా ఎవరైనా మిగిలిపోతే ఫోన్ చేసి తిట్టండి, చేరుస్తాను.

షాపులో విప్పి పెట్టిన మోటార్లు కొన్ని ఉండిపోయాయి. వాటికి నాన్న కట్టిన చీటీల మీద చుట్ల లెక్క, తీగ గేజి రాసి ఉన్నాయి కానీ యజమానుల పేర్లు లేవు. అవి ఎవరివో వచ్చి చెబితే, నాన్న దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు సోమవారం నుంచి పూర్తిచేసి ఇస్తాడు.