సాలిక్ అంటే దారి ఖాళీ

లైప్‌జిగ్,
10 నవంబరు 2019

ఒరేయ్ మామా,

పాలస్తీనా వెళ్ళొచ్చిన ఫొటోలు పంపితే "అక్కడికెందుకు పోయావురా, బుద్ధుందా" అని ఒక్క ముక్క కొట్టి ఊరుకున్నావు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీ కథలు దూరుస్తావు. అందుకే ఉత్తరం. మీ అమ్మకి మాత్రం చూపించకు. మా అమ్మకి జెరూసలేం చూసొస్తానని చెప్పి వెళ్ళాను. అబద్ధమేం కాదనుకో, కానీ మీ ఇంటి నుంచి మా ఇంటికి వార్త చేరడానికి అరగంట పట్టదు.

మా హాస్టల్లో పక్క గదివాడిది పాలస్తీనాలోని రమల్లా. వంటగదిలో కుదిరిన స్నేహం మాది. వాడు రొట్టెని ఆలివ్ నూనెలో ముంచి జాతర్ అనే పొడిలో అద్దుకు తింటాడు. నేను నా కారప్పొడి, నూనె తీశాను. అంతే, కలిసిపోయాం. పరీక్షకి ముందు జాతర్ తింటే చదివింది బాగా గుర్తుంటుందని వాళ్ళ ఊళ్ళో అమ్మలంతా చెబుతారట. మనకి సరస్వతి ఆకు చెప్పినట్టు.

సెమిస్టర్ మొదలయ్యేలోపు వారం ఖాళీ దొరికింది. "నువ్వెళ్ళు, మా చెల్లెలు చూసుకుంటుంది" అన్నాడు. ఇజ్రాయెల్ వీసా వచ్చాక తెలిసింది అసలు విషయం. నేను టెల్ అవీవ్‌లో దిగొచ్చు, వాడు దిగడానికి లేదు. ప్రత్యేక అనుమతి లేకపోతే వాడు జోర్డాన్‌లో అమ్మాన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి అలెన్‌బీ వంతెన దాటి ఇంటికి చేరాలి. వాడి ఊరికి వాడికంటే నాకే దగ్గర దారి.

జెరూసలేంలో డమాస్కస్ గేటు దగ్గర బస్సెక్కితే రమల్లా 15 కిలోమీటర్లు. వాడి చెల్లెలు, ముగ్గురు స్నేహితులు అల్ మనారా సెంటర్లో సింహాల బొమ్మల దగ్గర నిలబడి ఉన్నారు. అందరూ బీర్‌జైట్ యూనివర్సిటీ పిల్లలే. మొదట చేసిన పని నాకు జ్యూస్ ఇప్పించడం. వీపున పెద్ద ఇత్తడి కూజా తగిలించుకుని ఒకాయన నల్లటి పానీయం పోశాడు. దాని పేరు తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం. తాగి చూస్తే ఏముంది, చింతపండు పానకం! ఇది మా రోజూ పులుసురా అంటే నమ్మరే. చింతపండుతో కూర వండుతారా అని ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది.

ఇక అసలు కథ. వెళ్ళిన రెండోరోజు బెత్లెహేముకి ఎంత దూరమని అడిగాను. నలుగురూ ఫోన్లు తీశారు. మ్యాప్ కాదు. దారిలో ఇజ్రాయెల్ సైన్యం పెట్టిన చెక్‌పోస్టుల కబుర్లు చెప్పుకునే గ్రూపులుంటాయి. ఫలానా చోటు "సాలిక్", ఫలానా చోటు "అజ్మె" అని జనం నిమిషానికొకటి రాస్తుంటారు. సాలిక్ అంటే దారి ఖాళీ, అజ్మె అంటే జామ్. అన్నట్టు మనం జియో వచ్చి ఊరికే 4జీ వాడేసుకుంటున్న రోజుల్లో వెస్ట్ బ్యాంక్‌లో, అంటే రమల్లా, బెత్లెహేము ఉన్న ఆ పాలస్తీనా ప్రాంతంలో, 3జీ కూడా లేదు. 2018 జనవరిలో వచ్చింది. అప్పటిదాకా ఈ కబుర్లకి కూడా వైఫై వెతుక్కున్నారు.

జెరూసలేం మీదుగా అయితే పాతిక కిలోమీటర్లలోపే. విజయవాడ నుంచి గుంటూరు కంటే దగ్గర. కానీ వీళ్ళ దగ్గరున్నది ఆకుపచ్చ గుర్తింపు కార్డు. పర్మిట్ లేకుండా దాంతో జెరూసలేంలో అడుగు పెట్టడానికి లేదు. నేను నీలం పాస్‌పోర్టు ఊపుకుంటూ వెళ్ళొచ్చు. సిగ్గేసి వాళ్ళతోపాటే సెర్వీస్ ఎక్కాను. ఏడుగురు పట్టే పసుపు బండి, నిండితేగానీ కదలదు. డబ్బులు చేతులు మారుతూ డ్రైవరు దాకా వెళ్ళి, చిల్లర అలాగే వెనక్కొస్తుంది. మన షేర్ ఆటోకి ఏసీ పెట్టినట్టుంది. తూర్పున చుట్టూ తిరిగి వాదీ నార్ అనే లోయలో దిగి ఎక్కాలి. నిప్పుల లోయ అని అర్థం. తిరుమల ఘాట్ రోడ్డులా మలుపులు, కాకపోతే ఒక్క చెట్టు లేదు.

ఆ దారిలోనే కంటైనర్ అనే చెక్‌పోస్టు. ముప్పావుగంట కూర్చున్నాం. కిటికీలోంచి తొంగిచూసిన సైనికుడికి మహా ఉంటే ఇరవై ఏళ్ళుంటాయి, మొటిమలు కూడా పోలేదు. కార్డులు చూసి పొమ్మన్నాడు. నేను బిగుసుకుపోయాను. ఆ అమ్మాయి మాత్రం ల్యాప్‌టాప్ తీసి అసైన్‌మెంట్ చేసుకుంటోంది. "ఇక్కడ ఏడుస్తూ కూర్చుంటే డిగ్రీ ఎప్పుడు పూర్తవుతుంది" అంది, విసుగ్గా.

ఆ విసుగు వెనకాల వాళ్ళమ్మ కథ ఉంది, రాత్రి భోజనాల దగ్గర విన్నాను. ఆవిడా బీర్‌జైట్‌లోనే చదివింది. 1988 జనవరిలో ఇజ్రాయెల్ సైన్యం యూనివర్సిటీని మూసేసింది. మళ్ళీ తెరిచింది 1992 ఏప్రిల్లో. ఈలోగా మాస్టార్లు ఇళ్ళల్లో చాటుగా పాఠాలు చెప్పారు. నాలుగేళ్ళ డిగ్రీ ఆవిడకి ఏడేళ్ళు పట్టింది. చెబుతూనే మఖ్లూబా గిన్నెని పళ్ళెంలో బోర్లించి, అన్నం గోపురంలా నిలబడితే మమ్మల్నందరినీ చప్పట్లు కొట్టమంది. నాకేమో 2013 గుర్తొచ్చింది. సమైక్యాంధ్ర బంద్‌లప్పుడు స్కూల్ మూసేస్తే మనం క్రికెట్ కిట్ బయటికి తీశాం కదా.

వాళ్ళ కోపం ఒక్కవైపే ఉంటుందనుకోకు. పార్లమెంటుకి చివరగా ఎన్నికలు జరిగింది 2006లో. ఈ నలుగురిలో ఒక్కరూ ఓటేయలేదు. సొంత నాయకుల మీద జోకులేసేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తారు.

తిరిగి జెరూసలేం వచ్చాక హాస్టల్లో ఒక ఇజ్రాయెలీ కుర్రాడు కలిశాడు. వాడి చిన్నప్పుడు, రెండో ఇంతిఫాదా అనే పాలస్తీనీయుల తిరుగుబాటు రోజుల్లో, బస్సుల్లో బాంబులు పేలేవి. అమ్మ బస్సెక్కనిచ్చేది కాదట. ఆ భయం ఇంకా మాటలో ఉంది. వెస్ట్ బ్యాంక్ వైపు ఇజ్రాయెల్ 2002లో మొదలెట్టిన గోడ ఉండాల్సిందేనంటాడు. గోడకి అవతల, పొలాలకి దూరమైపోయిన ఊళ్ళ గురించి నేను మొదలెడితే మాట మార్చాడు. వాడెప్పుడూ రమల్లా చూడలేదు. పట్టణం ముందే ఇజ్రాయెల్ పౌరులు లోపలికి రాకూడదని ఎర్రబోర్డు ఉంటుంది. "ఎలా ఉంటుంది?" అని నన్ను అడిగాడు. అక్కడి ఐస్‌క్రీమ్ జిగురుగా సాగుతుంది, బావుంటుంది అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఆలివ్ కోతకి కూడా వెళ్ళాం, అది చెప్పకపోతే పాపం. ఒక కుర్రాడి తాతగారి తోట. చెట్ల కింద పట్టాలు పరిచి, కొమ్మల్ని చేత్తో దువ్వినట్టు లాగితే కాయలు టపటపా రాలతాయి. సాయంత్రానికి నా వేళ్ళు వంగలేదు. ముసలాయన నా బుట్ట చూసి అరబ్బీలో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు, ఎవరూ అనువదించలేదు. ఆ గట్టు మీద యూదుల సెటిల్‌మెంట్, అంటే ఇజ్రాయెల్ వాళ్ళు వచ్చి కట్టుకున్న కాలనీ, ఉంది. దాని పక్కనున్న నలభై చెట్లూ ఈయనవే. నడిస్తే పది నిమిషాలు. కానీ సైన్యం తేదీ ఇచ్చిన రోజుల్లోనే వెళ్ళాలి, అదీ ఏడాదికి కొన్ని రోజులే. ఈసారి తేదీ ఇంకా రాలేదని కాయల వంక చూస్తూ కూర్చున్నాడు.

వచ్చేటప్పుడు మా పక్క గదివాడికని రెండు లీటర్ల నూనె కట్టిచ్చారు. విమానాశ్రయంలో బ్యాగంతా విప్పించి, సీసా మూత తీసి వాసన చూసి, ఎవరిచ్చారు, ఎక్కడున్నావని గంటసేపు అడిగారు. చెమటలు పట్టాయిరా. ఎలాగో చేర్చాను. వాడు సీసా తీసుకుని, వెలుతురులో పెట్టి చూసి, అమ్మ ఎలా ఉందని కూడా అడక్కుండా "దారి ఎలా ఉంది?" అన్నాడు.

"సాలిక్" అన్నాను.

నీ రూమ్మేట్

తా.క. డిసెంబరులో మీ అన్నయ్య ఇటు వస్తున్నాడుగా, కేజీ చింతపండు పంపు. ఇక్కడ దొరికేది బొత్తిగా పులుపు లేదు. ఆ అమ్మాయి అన్నకి పులుసు పెడతానని మాటిచ్చాను.