శీనుకి, పర్మియబిలిటీ కొలిచే ముందు

ఒరేయ్ శీనూ,

కాంపోజిట్ల తయారీ మోడలింగ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని రాశావు, చాలా సంతోషం రా. కానీ మొదటి ఏడాదంతా సాఫ్ట్‌వేర్‌కే అంటే మాత్రం ఒప్పుకోను. ముందు ల్యాబ్‌లో పర్మియబిలిటీ, అంటే అచ్చులో పరిచిన పొడి ఫైబర్ గుడ్డ తనలోంచి రెజిన్‌ని (తర్వాత గట్టిపడే జిగురు ద్రవాన్ని) ఎంత సులువుగా పారనిస్తుందో, కొలవడం నేర్చుకో. ఆ అంకె తేడా వస్తే మోడల్ ఎంత అందంగా ఉన్నా దండగే.

సూత్రం పాతదే. 1856లో ఫ్రాన్సులో హెన్రీ డార్సీ ఇసుకలో నీటి పారకానికి రాసిందే, పొడి ఫైబర్ గుడ్డలో రెజిన్‌కీ వర్తిస్తుంది. లెక్క వేసి చూడు: పలక అర మీటరు, ఫైబర్ వాటా 50 శాతం, రెజిన్ చిక్కదనం 0.2 పాస్కల్ సెకండ్లు, వ్యాక్యూమ్ వల్ల లక్ష పాస్కల్స్, పర్మియబిలిటీ 10⁻¹⁰ చదరపు మీటర్లు. నిండటానికి సుమారు 21 నిమిషాలు. మీటరు పలకైతే 42 కాదు, 83! కాలం పొడవు వర్గంతో పెరుగుతుంది మరి. ఈలోగా రెజిన్ గట్టిపడిందా, పలక సగంలో ఆగిపోతుంది. పెద్ద పలకల మీద ఫ్లో మెష్ (రెజిన్ త్వరగా పాకేందుకు వేసే జాలి) పరిచేది అందుకే.

2011లో అచ్చైన అంతర్జాతీయ పోలికలో, ఒకే గుడ్డని వేర్వేరు ల్యాబులు కొలిస్తే దాదాపు పదింతల తేడా వచ్చింది. 2014 నాటి రెండో విడతలో అందరూ ఒకే పద్ధతి పాటించాకే అది బాగా తగ్గింది. తేడా ఎక్కడ పుడుతుందో చూడు. అచ్చులో 3 మిల్లీమీటర్ల ఖాళీ ఒత్తిడికి 0.1 మిల్లీమీటరు ఉబ్బితే చాలు, కోజెనీ-కార్మన్ సూత్రం (ఫైబర్ వాటాని బట్టి పర్మియబిలిటీ అంచనా వేసేది) లెక్కన పై గుడ్డ పర్మియబిలిటీ 17 శాతం పెరుగుతుంది. కాబట్టి మూత మందంగా ఉండాలి, ఉబ్బుని డయల్ గేజ్‌తో చూస్తుండాలి. ఇక అసలు శత్రువు అంచు. గుడ్డకీ అచ్చుకీ మధ్య 1 మిల్లీమీటరు సందు మిగిలితే, దాని పర్మియబిలిటీ పై లెక్కలోని గుడ్డకన్నా సుమారు 800 రెట్లు. రెజిన్ అంచు వెంట పరుగెత్తి ముందే వెంట్‌కి (గాలి బయటికి పోయే రంధ్రానికి) చేరుతుంది, మధ్యలో గాలి చిక్కి పొడి మచ్చ మిగులుతుంది. అంచుకి సిలికోన్ సీలెంట్ పట్టించు, కానీ గుడ్డలోకి పాకనివ్వకు. రెజిన్‌కి బదులు నూనెతో కొలిచేటప్పుడు ఉష్ణోగ్రత ప్రతిసారీ రాసుకో, చిక్కదనం దానితోనే మారుతుంది. ఒక్కో ఫైబర్ వాటా దగ్గర కనీసం ఐదు నమూనాలు చెయ్యి.

బుడగల సంగతి వేరే. రెజిన్ మరీ మెల్లగా సాగితే పోగుల కట్టల మధ్య గాలి మిగులుతుంది, మరీ వేగమైతే కట్టల లోపల. రెజిన్ క్యూర్ కాగానే (గట్టిపడగానే) వస్తువు లంబకోణపు మూల ఒకటి రెండు డిగ్రీలు లోపలికి ముడుచుకోవడం గురించి ఇంకోసారి రాస్తాను.

నీ గుడ్డ ఏ నేత, ఎన్ని పొరలు, అచ్చు లోపలి మందం ఎంత? అంచు ఎలా మూస్తున్నావో కూడా రాయి.

నీ
రఘు