దుజియాంగ్యాన్ గురించి రాశారు సరే, దాని కింద ఊళ్ల సంగతేంటి?

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం సంచికలో చైనాలోని పాతకాలపు సాగునీటి పథకం దుజియాంగ్యాన్ మీద వేసిన కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి. మిన్ నది రెండు పాయలుగా చీలే చోట, టూరిస్టులు సెల్ఫీలు దిగే దగ్గరే కథనం కూడా ఆగిపోయింది. ఆ నీళ్లు అక్కడి నుంచి ఎటు పోయాయో, వాటి కింద జనం ఇళ్లు ఎలా కట్టుకున్నారో ఒక్క ముక్క లేదు. కాలువ కింద సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టేమో, నాకు నది నుంచి నీళ్లు మళ్లించే హెడ్‌వర్క్స్ కంటే అదే ముఖ్యం అనిపిస్తుంది.

క్రీ.పూ. 256 ప్రాంతంలో అక్కడి పాలనాధికారి లీ బింగ్ మొదలుపెట్టించిన ఈ పనిలో నదికి అడ్డంగా ఆనకట్ట లేదు, ఆ మాట మీరూ రాశారు. రాయనిది పూడిక గురించి. చలికాలంలో మూడేసి దుంగలు కట్టిన చట్రాలను నదిలో వరసగా నిలబెట్టి, వాటికి మట్టి అడ్డు వేసి, ఒక పాయను ఎండగట్టి అడుగున పూడిక తీసేవారు. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి గట్లు సరిచేసేవారు. ఏప్రిల్ మొదట్లో, పెద్దల్ని తలుచుకునే చింగ్‌మింగ్ పండగ నాటికి ఆ చట్రాలు లాగేసి నీళ్లు వదిలేవారు. అడుగు లోతుగా తవ్వు, కట్ట ఎత్తు పెంచకు అన్న సూత్రం అక్కడి గుడి దగ్గర రాతి మీద చెక్కి ఉంది. 1974లో, రెండు పాయల్లో వరద నీళ్లు పోయే బయటి పాయకు గేట్లు పెట్టాక చట్రాలతో పని లేకుండా పోయింది. ఇప్పుడు ఏటా నీళ్లు వదిలే వేడుకలో చూడ్డానికే అవి.

ఇక ఊళ్లు. దుజియాంగ్యాన్ దిగువన, చెంగ్డు నగరం చుట్టూ ఉన్న మైదానం వాలు మీద నీళ్లు వాటంతటవే పిల్ల కాలువల్లోకి, బోదెల్లోకి పారి దాదాపు ప్రతి పొలం చెక్కకూ అందుతాయి. అందుకే రైతు తన పొలం పక్కనే ఇల్లు వేసుకోగలిగాడు. ఉత్తర చైనా మైదానంలో ఇళ్లన్నీ ఒక్కచోట గుంపుగా ఉండే పెద్ద ఊళ్లు కనిపిస్తాయి. చెంగ్డు మైదానంలో మాత్రం వరి చేల మధ్య చిన్న చిన్న వెదురు తోపులు, ఒక్కో తోపులో కొన్ని ఇళ్లు, మహా అయితే కొన్ని పదులు. వీటిని లిన్‌పాన్ అంటారు. కొబ్బరి తోటల మధ్య ఇళ్లున్న మన కోనసీమ చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇంటి ముందు ధాన్యం ఎండబెట్టే కళ్లం, పక్కనే కాలువ, గాలికి అడ్డంగా వెదుర్లు. ఆ వెదురే బుట్టలకీ, పొయ్యిలోకీ.

మరి ఊరంటూ లేకపోతే నలుగురూ కలిసేది ఎక్కడ? సంతలో. 1949-50లో చెంగ్డు దగ్గర ఉండి పరిశీలించిన అమెరికా మానవ శాస్త్రవేత్త విలియం స్కిన్నర్ చెప్పింది ఇదే: ఈ రైతు లోకం తన పల్లె కాదు, తను వెళ్లే సంత. చాంద్రమాన తేదీలను బట్టి ప్రతి పది రోజుల్లో ఒక సంత 1, 4, 7 రోజుల్లో జరిగితే పక్కది 2, 5, 8 రోజుల్లో, అలా ఒకదానికొకటి అడ్డం రాకుండా నడిచేవి. యాభై ఏళ్లొచ్చేసరికి ఒక రైతు తన సంతకు 3,000 సార్లకు పైగా వెళ్లి ఉంటాడని ఆయన లెక్క. అప్పులు, తగాదాలు, పెళ్లి సంబంధాలు అన్నీ అక్కడి టీ దుకాణాల్లోనే.

ఇప్పుడు అసలు ఎందుకు రాస్తున్నానంటే, పట్టణాన్నీ పల్లెనూ కలిపి అభివృద్ధి చేసే ప్రయోగానికి 2007లో చెంగ్డును ఎంచుకున్నారు. మరుసటి ఏడాది మే 12న భూకంపం వచ్చింది. నదిని రెండు పాయలుగా చీల్చే, చేప నోరు అని పిలిచే దిబ్బకు పగుళ్లు వచ్చినా నీళ్లు ఆగలేదు, పక్కనున్న గుడి మాత్రం బాగా దెబ్బతింది. ఇళ్లు పోయినవాళ్లకు కొత్తవి కట్టాల్సిందే, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ భూకంపంతో సంబంధం లేని చోట్ల కూడా ఎన్నో తోపులు ఖాళీ చేయించి, ఆ ఇళ్ల స్థలాలు సాగు భూమిగా మార్చి, ఆ మేరకు నగరం పక్కన పొలాల్లో కట్టడాలు కట్టుకునే కోటా, అంటే అనుమతి, తెచ్చుకున్నారు. రైతులు వరసగా కట్టిన కాలనీల్లోకి, అపార్ట్‌మెంట్లలోకి మారారు. రోడ్డు, కుళాయి, గ్యాస్ వచ్చాయి, నిజమే. మరి కళ్లం ఏది? కోళ్లను ఎక్కడ పెంచాలి? రాత్రి బోదె తెగితే చూసేదెవరు? తర్వాత్తర్వాత అక్కడి అధికారులే మిగిలిన లిన్‌పాన్లను కాపాడే పథకాలు పెట్టారు, కొన్నింట్లో హోమ్‌స్టేలు కూడా వచ్చాయి. తోపులు నిలిచినా, కాలువ పక్కన కాపురం ఉండే రైతు అందులో లేకపోతే అది నా లెక్కలో సగం రక్షణే.

దుజియాంగ్యాన్ 2000లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది కాబట్టి దాని గురించి అందరూ రాస్తారు. మీరు రెండో భాగం వేస్తే నది ఫొటో తగ్గించి, కాలువల మ్యాపు ఒకటి, లోపల ఇల్లు కనిపించేలా ఒక లిన్‌పాన్ ఫొటో ఒకటి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు