ఇషినోమాకి సేవ కోసం వసూలైన డబ్బు: 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జమా ఖర్చుల వివరణ

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

జపాన్‌లోని మియాగి ప్రిఫెక్చర్, ఇషినోమాకి పట్టణంలో సేవ చేస్తున్న మన మిషనరీ దంపతులు అయ్యగారు, అమ్మగారి కోసం టోక్యో చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు, భీమవరం, గుంటూరు, హైదరాబాద్‌లలోని విశ్వాసులు ఇచ్చిన డబ్బు లెక్క ఇది. రెండు దేశాల్లోనూ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది కాబట్టి యెన్ల ఖాతా, రూపాయల ఖాతా రెండూ ఒకే తేదీల మధ్య చూపిస్తున్నాం. కమిటీలో లేని ఇద్దరు సభ్యులు పాస్‌బుక్కులు, రసీదులు ముందు పెట్టుకుని సరిచూసి సంతకాలు పెట్టారు. ఎవరు ఎంత ఇచ్చారో పేర్లతో వేయలేదు. ఎవరి వివరం వాళ్లకు విడిగా అందింది.

యెన్ల ఖాతా, జమ:

కిందటేడు మిగిలిన నిల్వ: 2,18,640
23 కుటుంబాల నెలవారీ చందాలు: 34,26,000
క్రిస్మస్, ఇతర ప్రత్యేక కానుకలు: 4,12,500
బిర్యానీ అమ్మకంలో మిగులు: 1,36,800
బ్యాంకు వడ్డీ: 61
మొత్తం: 41,94,001 యెన్లు

వడ్డీ 61 యెన్లు చూసి నవ్వుకోకండి, జపాన్‌లో పొదుపు ఖాతా అంటే అంతే. చందాల గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. 2024 వేసవిలో యెన్ విలువ పడిపోయి డాలరు 160 యెన్లు దాటింది. ఇంటికి డబ్బు పంపుకునే ప్రతి కుటుంబానికీ ఆ నెలల్లో చేతికి రూపాయలు తగ్గాయి, ఇండియాలో ఇంటి లోను కడుతున్నవాళ్లకు మరీ టెన్షన్. అయినా ఒక్క కుటుంబం కూడా చందా తగ్గించలేదు. బిర్యానీ అమ్మకం అక్టోబరులో టోక్యోలోని నిషికసాయిలో జరిగింది. పైన వేసిన మొత్తం బియ్యం, చికెన్, డబ్బాల ఖర్చులు పోను మిగిలినది. వండిన అక్కలెవరూ రైలు చార్జీలు కూడా తీసుకోలేదు.

యెన్ల ఖాతా, ఖర్చు:

జీవన భృతి, నెలకు 1,70,000 చొప్పున: 20,40,000
ఇంటి అద్దె, నెలకు 58,000 చొప్పున: 6,96,000
ఆరోగ్య బీమా, పెన్షన్: 6,10,920
కారు: 2,90,700
టీ కూటాలు: 74,600
కిరోసిన్: 68,200
టోక్యో రాకపోకలు: 52,800
చావు ఇళ్లలో ఇచ్చిన కవర్లు: 47,000
వీసా పొడిగింపు: 8,000
బ్యాంకు చార్జీలు: 6,490
వీధి సంఘం రుసుం: 6,000
మొత్తం: 39,00,710 యెన్లు

2025 మార్చి 31 నాటికి నిల్వ: 2,93,291 యెన్లు

ఈ పట్టిక చూసిన వెంటనే కొందరు అడిగే ప్రశ్న మాకు తెలుసు. సువార్త కోసమని ఇస్తే అద్దె, బీమా, కారు, కిరోసిన్ కనబడుతున్నాయేమిటి అని. నిజమే, ఖర్చులో ఎక్కువ భాగం ఇద్దరు మనుషులు ఆ ఊళ్లో ఉండగలగడానికే అయింది. అక్కడ ఉండడమే వాళ్ల పనిలో సగం కంటే ఎక్కువని కమిటీ అభిప్రాయం. అలా ఎందుకు అంటున్నామో తెలియాలంటే కొన్ని పద్దుల వెనుక ఉన్న సంగతి చెప్పాలి.

భృతిలోనే తిండి, కరెంటు, ఫోను, బట్టలు అన్నీ. కిందటి ఆగస్టులో జపాన్ దుకాణాల్లో బియ్యం అరలు ఖాళీ అయిపోయిన సంగతి ఇక్కడున్న వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2,000 యెన్లకు దొరికే అయిదు కిలోల బస్తా ఈ మార్చికి 4,000 దాటింది. రెండు పూటలా అన్నం తినే తెలుగువాళ్ల ఇంట్లో అది చిన్న విషయం కాదు. అయ్యగారు ఎక్కువ అడగలేదు. అక్కడి సంఘంలో ఉన్న ఒక రైతు పెద్దాయన 30 కిలోల ముడి బియ్యం బస్తాలు రెండు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లారట. రోడ్డు పక్కన నాణేలు వేస్తే బియ్యం పట్టే మిషన్లు ఉంటాయి, అక్కడ పట్టించుకుని వాడుకున్నారు. ఇలా వచ్చిన బియ్యం, వకామె నాచు, చలికాలంలో ఆయిస్టర్లు ఈ లెక్కలో చేర్చలేదు. వాటికి ధర కట్టడం ఇచ్చినవాళ్లకు మర్యాదగా ఉండదు.

పెన్షన్ ఎందుకు కట్టాలి, వాళ్లు ముసలితనంలో ఇక్కడే ఉంటారా అని ఒక సోదరుడు అడిగారు. జపాన్‌లో నివసించే 20 నుంచి 59 ఏళ్ల వాళ్లందరికీ అది తప్పనిసరి. ఈ ఏడు తలకు నెలకు 16,980 యెన్లు. ఇద్దరికీ కలిపి ఏడాదికి 4,07,520, మిగిలిన 2,03,400 ఆరోగ్య బీమా. ఆ బీమా ఉన్నా డాక్టరు దగ్గర మూడో వంతుకు కాస్త తక్కువగా, అంటే 30 శాతం చేతి నుంచి పెట్టుకోవాలి. దేశం వదిలి వెళ్లేటప్పుడు కట్టిన పెన్షన్‌లో కొంత తిరిగి తీసుకునే ఏర్పాటు విదేశీయులకు ఉంది. ఆ రోజు వస్తే అది వాళ్ల చేతికే వెళ్లాలని కమిటీ ముందే రాసుకుంది.

కారు 660 సీసీ చిన్న బండి. రెండేళ్లకొకసారి వచ్చే షాకెన్ తనిఖీ ఈ ఏడాదే పడింది, దానికే 92,400. మంచు టైర్లు 38,000, పెట్రోలు 1,08,300, ఇన్సూరెన్సు 41,200, పన్ను 10,800. కారు లేకుండా కుదరదా అంటే టోక్యోలో కుదురుతుంది. ఇషినోమాకిలో తీరం వెంబడి పల్లెలకు బస్సులు తక్కువ, అయ్యగారు చూసి రావాల్సిన ముసలివాళ్లు ఉండేది అక్కడే.

ఇక టీ కూటాల పద్దు. ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే.

2011 మార్చి 11 సునామీలో ఇషినోమాకిలో 3,000 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు పోయినవాళ్లు ఏళ్ల తరబడి తాత్కాలిక గదుల్లో ఉండి, తర్వాత ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్లకు మారారు. ఆ మార్పుల్లో పాత ఇరుగుపొరుగు చెదిరిపోయింది. ఒంటరి వృద్ధులు ఎక్కువ. అపార్ట్‌మెంట్ కింద ఉన్న సమావేశపు గదిలో అమ్మగారు, సంఘంలోని ఇద్దరు ఆడవాళ్లు కలిసి టీ కూటం పెడతారు. అది అందరికీ చెందిన గది కాబట్టి అక్కడ ప్రసంగం చేయకూడదు, కరపత్రాలు పంచకూడదు. టీ, తీపి బిస్కట్లు, ముల్లంగి పచ్చడి, కబుర్లు, అంతే. వాక్యం చెప్పని చోట కానుక డబ్బు ఎందుకని సమావేశంలో గట్టిగానే అడిగారు. అడగడం తప్పు కాదు. కమిటీలో ఓటు పెట్టాం, కొనసాగించాలని తేలింది. ఈ ఏడు క్రిస్మస్ ఆరాధనలో బాప్తిస్మం తీసుకున్న డెబ్భై దాటిన పెద్దమ్మ మొదట వచ్చింది ఆ టీకే. కానీ ఆమె కోసమే కొనసాగించామని చెప్పడం లేదు. ఆమె రాకపోయినా ఆ గదిలో టీ పెట్టాల్సిందేనని మా ఉద్దేశం. ఇదే పద్దులో మార్చి 11న కొన్న పూలు 3,300 ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నం 2:46కి సైరన్ మోగుతుంది, ఊరంతా నిలబడి తల వంచుతుంది, మనవాళ్లూ వాళ్ల మధ్య నిలబడ్డారు.

ఏడాదికి ఒక్క బాప్తిస్మమా అని అడిగేవాళ్లు దయచేసి 39 లక్షల యెన్లను ఒకటితో భాగించకండి. ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో కగోషిమాలో దిగాడు. 1614లో దేశమంతటా నిషేధం వచ్చింది, 1873 దాకా పోలేదు. ఇవాళ్టికీ జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒకరు. చర్చి మనది కాదు, విదేశీయులది అనే భావన పెద్దవాళ్లలో ఉంది. మన ఊళ్ల లెక్కతో ఆ నేలను కొలవలేం.

చావు ఇళ్లలో ఇచ్చిన కవర్లకు రసీదు ఉండదు, ఇది ఆడిటర్లు లేవనెత్తిన మాట. జపాన్‌లో అంత్యక్రియలకు కవర్లో డబ్బు పెట్టి ఇవ్వడం ఆచారం. మనవాళ్లు పూల కానుక అని రాసి ఉన్న కవర్ ఇస్తారు. బౌద్ధ పద్ధతిలో జరిగితే ధూపం వేయరు, తల వంచి నమస్కరించి వస్తారు. ఒక్కో కవర్లో 3,000 లేదా 5,000. తేదీ, మొత్తం రాసి ఇద్దరూ సంతకం చేసిన వోచర్‌ను రసీదుకు బదులుగా ఒప్పుకున్నాం. పోయినవాళ్ల పేర్లు బయట పెట్టం. ఆ కుటుంబాలు తిరిగి సగం విలువకు ఏదో ఒకటి పంపుతాయి, ఎక్కువగా టీ పొట్లాలే. అవి టీ కూటానికి వెళ్తాయి, అందుకే ఆ పద్దు ఇంత తక్కువలో తేలింది.

వీధి సంఘం రుసుం నెలకు 500. చిన్న మొత్తమే గానీ, ఇందులోంచి గుడి పండుగకు పోతోందేమోనని ఒకరికి అనుమానం వచ్చింది. కొన్ని ఊళ్లలో అలా కలిపి వసూలు చేయడం ఉంది. మనవాళ్లు కనుక్కున్నారు. ఆ వీధిలో గుడి చందాకు వేరే కవర్ తిరుగుతుంది, ఇష్టమైతేనే వేస్తారు. మనవాళ్లు అందులో వేయరు. వీధి దీపాలకు, చెత్త వేసే చోట సంచుల మీద కప్పే వలకు అయ్యే రుసుం మాత్రం కడతారు. ఆ చోటును కడిగే వంతు వచ్చినప్పుడు పొద్దున్నే వెళ్లి కడుగుతారు. కలుపు పీకే ఆదివారాల్లో ఆరాధనకు ముందే వెళ్లి వస్తారు.

అమ్మగారు బుధవారం పిల్లలకు చెప్పే ఇంగ్లీషు క్లాసు ఫీజు ఈ లెక్కలో వెతకొద్దు. వాళ్లది మత కార్యకలాపాల వీసా, అనుమతి లేకుండా వేరే సంపాదన ఉండకూడదు. ఫీజు మొత్తం అక్కడి సంఘం ఖాతాకే పోతుంది. వీసా పొడిగింపు దరఖాస్తు మార్చిలోనే ఇచ్చారు కాబట్టి తలకు 4,000తో సరిపోయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అది 6,000 అయింది.

రూపాయల ఖాతా చిన్నది. ఇండియాలో వచ్చినవి 2,86,500. వాటిని జపాన్‌కు పంపలేదు, ఇండియాలో అయ్యే ఖర్చులకే వాడాం. సెప్టెంబరు సెలవుకు ఇద్దరి విమానం టికెట్లు రానూపోనూ 1,38,400, సంఘాలు తిరిగిన ప్రయాణాలు 14,200, ప్రార్థన లేఖల ముద్రణ 9,600. మిగిలిన 1,24,300 గుంటూరులో ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలో ఉంది.

వచ్చే ఏడాది సంగతి దాచకుండా చెప్పాలి. బియ్యం ధర చూసి ఏప్రిల్ నుంచి భృతి 1,80,000 చేశాం. మరోపక్క మూడు కుటుంబాలు ఉద్యోగ బదిలీల మీద ఇండియాకు వెళ్లిపోతున్నాయి, వాళ్ల చందాలు కలిపి ఏడాదికి 3,60,000. షాకెన్ ఈసారి లేకపోవడం ఒక్కటే ఊరట. చేతిలో ఉన్న నిల్వ ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. వెళ్తున్న కుటుంబాలు ఇకపై రూపాయల ఖాతాలో వేస్తామన్నాయి, సంతోషం, కానీ యెన్ల లోటు దానితో పూడదు. నెలకు 5,000 యెన్ల చొప్పున కొత్తగా ఆరు కుటుంబాలు ముందుకొస్తే గండం గడుస్తుంది. లేకపోతే టోక్యో రాకపోకలు ఆపి, వాళ్లు అక్కడికి వచ్చి చెప్పే సేవా రిపోర్టులు ఆన్‌లైన్‌లో చెప్పించాలని అనుకున్నాం. టీ కూటాలకు కోత పెట్టం.

రసీదులు, వోచర్లు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. ఆదివారం ఆరాధన తర్వాత ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. అభ్యంతరాలుంటే మే నెలాఖరులోగా రాతపూర్వకంగా ఇవ్వండి, జూన్ సమావేశంలో చదివి జవాబు చెప్తాం.

కమిటీ తరఫున,
కోశాధికారి