పండూకి, మూలాపేట నుంచి

నెల్లూరు,
సోమవారం పొద్దున

ఒరేయ్ పండూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఆలస్యం చేశాను, తప్పు నాదే, కోప్పడొద్దు. అమ్మ మోకాళ్ళు కాస్త నయం. ఉద్యోగం అట్లానే ఉంది. మన కారందోసె పందెం ఇంకా బాకీ, నేను మర్చిపోలా. ఇక అసలు సంగతి.

రొట్టెల పండక్కి మా అక్క కూతురు వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకుని ఇంటికొచ్చాక, మిద్దె మీదికి పిలిచి, "మామా, ఒక కథ రాశా" అని లాంగ్ నోట్‌బుక్ చేతిలో పెట్టింది. ఒక వాంపైర్ అమ్మాయి, అదే రక్తం తాగే పిశాచం, మామూలు అమ్మాయి ఇంకొకతె. ఇద్దరికీ ప్రేమ.

ఎక్కణ్ణుంచి వచ్చింది ఈ ఆలోచన అంటే, 'కార్మిల్లా' చదివిందట. ఐర్లండు రచయిత లెఫాను కథ, 1872లోనే పుస్తకంలో వచ్చింది. అందరికీ తెలిసిన వాంపైర్ నవల డ్రాకులా వచ్చింది 1897లో! పాతికేళ్ళ ముందే ఒక వాంపైర్ పిల్ల లారా అనే పిల్లని ప్రేమించిందిరా. "చివరికి పెద్దమనుషులంతా కూడి గుండెలో మేకు దించి, తల నరికి, కాల్చి, బూడిద ఏట్లో కలిపేశారు మామా. లారాకి మాత్రం ఆ తర్వాత కూడా గది బయట ఆ అడుగులు వినిపిస్తున్నట్టే ఉంటుంది" అని చెప్తూ ఏడ్చేసింది.

ఇక దీని కథ. వాంపైర్లు పిలవందే గడప దాటరు కదా. మన చిన్నప్పుడు ఆడదెయ్యం లోపలికి రాకుండా వీధంతా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు, గుర్తుందా? మీ ఇంటి తలుపు మీద బొగ్గుతో నువ్వే రాశావు. ఆ వాంపైర్ పిల్ల రోజూ రాత్రి వస్తుంది, ఆ మాట చదువుకుంటుంది, వెళ్ళిపోతుంది. ఎన్నేళ్ళో అట్లా. లోపలి పిల్ల ఆ అడుగులు వింటూ పడుకుంటుంది. ఒకరోజు లేచి, తలుపు తీసి, ఓణీ కొంగు తడిపి ఒక్క మాట తుడిచేస్తుంది. 'రేపు' అన్న మాట.

నేను ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. కాసేపటికి "చివర్లో ఎవరు చచ్చిపోతారు?" అని అడిగాను. నా నోట అదే వచ్చింది చూడు! "ఎవరూ చావరు మామా. మా క్లాసు వాళ్ళు చదవాలని రాశా" అంది.

పండూ, ఒంగోలు బస్టాండులో ఆ రాత్రి నువ్వు చెప్పినప్పుడు, "రేపు మాట్లాడుకుందాంలే" అన్నాను. బస్సెక్కేశాను. 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు కూడా ఫోను చేతిలోకి తీసుకుని... ఆ పుస్తకం మనకి ఇంటర్‌లో దొరికుంటే నువ్వు అన్నేళ్ళు...

నీ సంగతి దానికి చెప్పలేదు. నా ప్రాణస్నేహితుడికి పంపనా అంటే సరేనంది. జిరాక్స్ ఇందులో పెడుతున్నా, పద్దెనిమిదో పేజీ ముందే తిప్పి చూడొద్దు. ఈ శనివారం ఇంట్లోనే ఉంటావా? నేనే వస్తా. పోస్టుడబ్బా తెరిచే వేళైంది, పరిగెత్తాలి