మీ కాగితంలో రాసినట్టే చేశాడు: లెన్స్ క్లీనింగ్ కిట్‌పై ఫిర్యాదు

కోడంబాక్కం,
చెన్నై.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ లెన్స్ క్లీనింగ్ కిట్‌లోని తప్పుడు సూచనల వల్ల లెన్స్ పూత పాడవడం, దానిపై మీరిచ్చిన జవాబు గురించి.

అయ్యా,

నేను చెన్నైలో 13 ఏళ్ళుగా పెళ్ళి ఫొటోలు తీస్తున్నాను. మీ కిట్‌ను 649 రూపాయలకు కొన్నాను. అందులో ఒక స్ప్రే సీసా, ఒక మైక్రోఫైబర్ గుడ్డ, చిన్న బ్రష్, ఎలా వాడాలో చెప్పే ఒక కాగితం ఉన్నాయి. ఈ ఫిర్యాదంతా ఆ కాగితం గురించే.

నా దగ్గర మా అక్క కొడుకు పని నేర్చుకుంటున్నాడు. వయసు 19. నాయుడుపేట నుంచి వచ్చి ఆరు నెలలైంది. పోయిన నెల ఒక జంటకు బీసెంట్ నగర్ బీచ్‌లో తెల్లవారుజామున ప్రీవెడ్డింగ్ షూట్ చేశాం. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. ఇంటికి వచ్చేసరికి కెమెరా మీద, లెన్స్ మీద ఉప్పు పొర, సన్నని ఇసుక. సాయంత్రం టి. నగర్‌లో రిసెప్షన్ ఉంది కాబట్టి నేను ఒక గంట పడుకున్నాను. లెన్సులు తుడిచి పెట్టమని పిల్లవాడికి చెప్పాను. కిట్ కొత్తది, కాగితం చదివి చేయమన్నాను. చదివాడు. అందులో ఉన్నది ఇదీ:

"ద్రావణాన్ని లెన్స్ మీద నేరుగా రెండు మూడుసార్లు స్ప్రే చేయండి. గుడ్డతో గట్టిగా, మెరిసేదాకా రుద్దండి. మరక పోకపోతే మళ్ళీ స్ప్రే చేసి రుద్దండి."

అంతే. ముందు దుమ్ము ఊదేయమని ఎక్కడా లేదు. కిట్‌లో బ్లోయరే లేదు. బ్రష్ ఉంది కానీ దాన్ని ఎప్పుడు వాడాలో ఒక్క ముక్క కూడా రాయలేదు.

రిసెప్షన్‌లో స్టేజి మీద లైట్లన్నీ వెలిగాక 85 ఎంఎం లెన్స్‌తో మొదటి ఫొటో తీశాను. పెళ్ళికూతురి మొహం మీద తెల్లటి పొర కమ్మినట్టు వచ్చింది. వెనకనున్న ప్రతి బల్బు చుట్టూ గీతలు గీతలుగా వెలుగు చెదిరింది. లెన్స్ మార్చి పని ముగించాను. ఇంటికొచ్చి టార్చ్ వేసి చూస్తే ముందు గ్లాసు నిండా గుండ్రటి సన్నని గీతలు. పూత ఊదా, ఆకుపచ్చ రంగుల్లో మెరవాల్సిన చోట అక్కడక్కడా బోసిగా మచ్చలు.

ఆ రాత్రి పిల్లవాణ్ని చాలా తిట్టాను. "అందులో రాసినట్టే చేశాను పిన్నీ" అన్నాడు. నమ్మలేదు. కాగితం తెమ్మన్నాను. చదివాక నా నోట మాట రాలేదు.

ఆ సూచనలు ఎందుకు తప్పో మీకు చెప్పాల్సి రావడమే నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఇది మీ వ్యాపారం. అయినా రాస్తాను. బీచ్ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. లెన్సుల్లో వాడే గాజు మామూలుగా అంతకంటే మెత్తన. ఇసుక రేణువులు ఉన్న గ్లాసు మీద గుడ్డ పెట్టి గట్టిగా రుద్దితే ఆ గుడ్డ గరుకు కాగితంలా పనిచేస్తుంది. పైగా అక్కడ రుద్దుకుపోయేది గాజు కంటే ముందు దాని మీదున్న పూత. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత ఒక పొర మందం సుమారు 100 నానోమీటర్లు. మన తల వెంట్రుక దానికి కొన్ని వందల రెట్లు లావుగా ఉంటుంది. ఇప్పటి లెన్సుల్లో ఇలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి చాలా ఉంటాయి. అన్నీ కలిపినా వెంట్రుక మందానికి దరిదాపుల్లోకి రావు.

ఆ పూత మెరుపు కోసం వేసేది కాదు, గాజు వెనక్కి కొట్టే వెలుతురును తగ్గించడానికి. పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. లెన్స్ లోపల గాలి తగిలే ఉపరితలాలు 18 ఉన్నాయనుకుందాం. పూత లేకపోతే సగం కంటే తక్కువ వెలుతురే సెన్సర్ దాకా చేరుతుంది. మిగిలిందంతా ఊరికే పోదు, అందులో కొంత లోపలే అటూ ఇటూ తిరిగి ఫొటో మీద తెల్లటి పొరలా పడుతుంది. 1935లో జర్మనీలో కార్ల్ త్సైస్ కంపెనీలో పనిచేసిన స్మకులా ఈ రకం పూతకు పేటెంట్ తీసుకున్నారు. అప్పటి నుంచి లెన్స్ తయారు చేసేవాళ్ళు ఇంత శ్రద్ధ పెట్టి నిలబెట్టుకుంటున్న పొరను మీ కాగితం "మెరిసేదాకా రుద్దండి" అని ఒక్క మాటలో తీసేయమంటోంది.

ఇంకొక తప్పు దీనికంటే పెద్దది. స్ప్రే నేరుగా గ్లాసు మీద కొడితే ద్రావణం అంచుకు జారి, ముందు రింగు సందులోంచి లోపలికి పోతుంది. మా లెన్స్‌లో అదే జరిగింది. సర్వీస్ సెంటర్‌లో విప్పి చూసి, మొదటి గ్లాసు వెనక తడి చేరిన మసక ఉందన్నారు. చెన్నైలో లోపలికి పోయిన తడి మామూలు విషయం కాదు. ఈ ఊరి ఉక్కకు లెన్సులో బూజు పట్టడం ఇక్కడ ప్రతి ఫొటోగ్రాఫర్‌కూ ఉండే భయం. బూజు సాలీడు దారాల్లా పాకి, వదిలేస్తే పూతను, ఆ తర్వాత గాజును కూడా తినేస్తుంది. అందుకే లెన్సుల్ని 40 నుంచి 50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టుకుంటాం. అలాంటి ఊళ్ళో అమ్మే కిట్ కాగితం మీద "నేరుగా స్ప్రే చేయండి" అని ఎలా అచ్చు వేస్తారు?

మా నాన్న వడపళనిలో కెమెరా అసిస్టెంట్‌గా చేశారు, తెలుగు సినిమాలు ఇంకా మద్రాసులో తీస్తున్న రోజుల్లో. నాకు లెన్స్ తుడవడం నేర్పింది ఆయనే. లెన్స్‌ను కిందికి వంచి పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టమనేవారు. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది, వద్దనేవారు. తర్వాత మెత్తటి బ్రష్‌తో, బరువు వేయకుండా. అప్పటికీ వేలిముద్రో మరకో ఉంటేనే ద్రావణం, అదీ ఒక్క చుక్క, లెన్స్ టిష్యూ మీద వేసి, మధ్య నుంచి అంచుకు మెల్లగా తిప్పుతూ. ఒకసారి తుడిచిన వైపుతో మళ్ళీ తుడవనిచ్చేవారు కాదు. బీచ్ నుంచి వచ్చిన రోజైతే ఎండిన ఉప్పును రుద్దకుండా, ముందు డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన టిష్యూను అద్ది, ఉప్పు కరిగాకే తుడిచేవారు. రెండు మూడు దుమ్ము రేణువులు ఫొటోలో కనబడవు, వాటిని వదిలెయ్యమనేవారు. ఇదంతా మీ కాగితంలో పది లైన్లలో పడుతుంది. ఈ పద్ధతి పిల్లవాడికి నేనే ముందు చెప్పి ఉండాల్సింది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కానీ డబ్బు తీసుకుని సూచనలు అచ్చు వేసి ఇచ్చింది మీరు.

సీసాలో ఏముందో కూడా మీరు రాయలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలా, అమోనియా ఉందా, అసిటోన్ ఉందా? అసిటోన్ అయితే ప్లాస్టిక్ భాగాలను కరిగిస్తుంది. అమోనియా కలిసిన క్లీనర్లను లెన్స్ దగ్గరికి రానివ్వం. కొన్నవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

మీకు మూడు ఈమెయిళ్ళు పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "అనుభవం లేని వ్యక్తి ఉత్పత్తిని సరిగా వాడకపోవడం వల్ల జరిగిన నష్టం" అని రాశారు. మూడోదానికి ఇంకొక కిట్ ఉచితంగా పంపుతామన్నారు. దాంట్లో కూడా ఆ కాగితమే ఉంటుంది కదా?

నేను అడిగేది ఇదీ. ముందు గ్లాసు మార్చడానికి, లోపల శుభ్రం చేయడానికి సర్వీస్ సెంటర్‌కు కట్టిన 11,400 రూపాయలు, కిట్ ధర 649 రూపాయలు ఇవ్వండి. ఆ కాగితం పెట్టి కిట్లు అమ్మడం వెంటనే ఆపండి. కొత్త కాగితంలో బ్లోయర్ మొదటి మెట్టుగా ఉండాలి, కిట్‌లో కూడా బ్లోయర్ ఉండాలి. ద్రావణంలో ఏమేం కలిపారో సీసా మీద రాయాలి. ఇక్కడ కొనేవాళ్ళ కోసం తమిళంలో, తెలుగులో కూడా సూచనలు ఇవ్వాలి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళే వీటిని అక్షరం వదలకుండా పాటిస్తారు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ ప్రకారం, సరిగ్గా వాడటానికి తగిన సూచనలు, తప్పుగా వాడితే జరిగే హానిపై హెచ్చరిక ఇవ్వకపోతే ఆ హానికి తయారీదారు బాధ్యత వహించాలి. ఈ లేఖ అందిన 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే చెన్నై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. ఇది బెదిరింపు కాదు, కాగితాలు సిద్ధంగా పెట్టుకున్నాను.

చివరిగా ఒకటి. "సరిగా వాడలేదు" అన్న మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. మీ ఈమెయిల్‌ను వాడు చదివాడు. ఆ రోజు నుంచి లెన్సులు ముట్టుకోవడం లేదు, లైట్ స్టాండ్లు మోస్తానంటున్నాడు. ఆ జవాబు నా పేరున కాకుండా వాడి పేరున పంపండి. చిరునామా ఇదే.

ఇట్లు,
మీ కిట్ కొన్న ఒక ఫొటోగ్రాఫర్

జతచేసినవి: కిట్ బిల్లు నకలు, సూచనల కాగితం ఫొటో, పాడైన లెన్స్ ఫొటోలు, సర్వీస్ సెంటర్ బిల్లు, మీ రెండు ఈమెయిళ్ళ నకళ్ళు.